పక్క గదికి చేరని మెయిల్

మెయిల్ సర్వర్ మార్చిన రెండో రోజో మూడో రోజో వచ్చే ఫిర్యాదు ఒకటుంది. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. హైదరాబాద్ నుంచి మెయిల్ వస్తోంది. డల్లాస్‌లో స్థిరపడిన పాత విద్యార్థి పంపింది వస్తోంది. లాటరీ తగిలిందంటూ ఎవడో పంపే చెత్త కూడా ఠంచనుగా వస్తోంది. వరండాకు ఆ చివర ఉన్న ఎగ్జామ్ సెల్ పంపింది మాత్రం రావడం లేదు. "బయట్నుంచి అన్నీ వస్తా ఉండాయి సార్, మన కాడ్నుంచే రాలేదు" అని అటెండర్ మొదలు ప్రిన్సిపాల్ దాకా ఒకటే మాట.

దూరం పెరిగేకొద్దీ ఇబ్బంది పెరుగుతుందని అనుభవంతో తెలుసుకున్న మనకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. అందుకే అనుమానమంతా కొత్త సర్వర్ మీదికి పోతుంది. నిన్నటిదాకా బాగానే నడిచింది, మార్చారు, చెడింది అంటారు. నిజానికి ఈ రోగంలో కొత్త సర్వర్‌కు ఏ పాపమూ తెలియదు. మెయిల్ దాని గడప దాకా పోనేలేదు. దొంగ పాత యంత్రంలోనే ఉన్నాడు, అదీ ఆ యంత్రం తనకు అప్పగించిన పనిని తు.చ. తప్పకుండా చేస్తున్నందువల్ల.

మాట్లాడుకోవడానికి ఒక ఊరు కావాలి కాబట్టి అనంతపురం తీసుకుందాం. ఇక్కడ ఇంజనీరింగ్ చదువుకు చాలా చరిత్ర ఉంది. 1946లో పుట్టిన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది, 2008లో దాని చుట్టూ జేఎన్‌టీయూ అనంతపురం అనే విశ్వవిద్యాలయమే ఏర్పడింది. దానికి అనుబంధంగా రాయలసీమలో బోలెడు కాలేజీలున్నాయి. వాటిలో ఒకదాన్ని ఊహించుకోండి. పేరు పెట్టొద్దు, ఎందుకంటే ఇది ఏ కాలేజీలోనైనా జరగగలిగిన కథే. పరీక్షల షెడ్యూళ్లు, ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్స్‌కు బయటి ఎగ్జామినర్ల నియామకాలు, అన్నీ మెయిల్ మీదే నడుస్తాయి. వాట్సాప్ గ్రూపు ఉంటుంది, నిజమే. కానీ రేపు ఎవరైనా "మాకు తెలియజేయలేదు" అంటే చూపించడానికి ఆఫీసుకు కావలసింది మెయిలే.

కంప్యూటర్ సెంటర్‌లో ఓ మూల, ఏసీ కింద ఒక సర్వర్ ఉంది. మెయిల్, కాలేజీ వెబ్‌సైటు, ఎగ్జామ్ సెల్ సాఫ్ట్‌వేర్ మూడూ అదే పెట్టెలో. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో పడిన ఈ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అలాంటి చోట రాత్రీ పగలూ, సెలవుల్లోనూ ఒక గదిని చల్లగా ఉంచడమంటే ఖర్చు, తలనొప్పి. కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీలు మూడేళ్లకే నీరసపడతాయి, ఏసీ బాగు చేసేవాడు సోమవారం వస్తానంటాడు. చివరికి యాజమాన్యం విసిగిపోయి మెయిల్‌ను మాత్రం గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి క్లౌడ్ సర్వీసుకు మార్చేసింది. దీనికి వ్యతిరేక దిశలో ప్రయాణించేవాళ్లూ ఉన్నారు. విద్యాసంస్థలకు అపరిమితంగా ఇచ్చిన ఉచిత నిల్వను గూగుల్ 2022 జులై నుంచి సంస్థకు 100 టెరాబైట్లకు కుదించడంతో కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఎటు పోయినా రోగం ఒకటే.

మార్పుల్లో రెండు రకాలున్నాయని ఇక్కడే చెప్పుకోవాలి. 2025 అక్టోబరు 8న కేంద్ర హోం మంత్రి అమిత్ షా తాను జోహో మెయిల్‌కు మారినట్టు ప్రకటించి కొత్త అడ్రస్ ఇచ్చారు. అది మొదటి రకం. అడ్రస్ మారింది, అందరికీ చెప్పారు, అయిపోయింది. అదే కాలంలో సుమారు 12 లక్షల కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ పెట్టెలు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సొంత వ్యవస్థ నుంచి జోహో వేదిక మీదికి వెళ్లాయి. వాళ్ల అడ్రస్‌ల చివర మాత్రం గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ అలాగే ఉన్నాయి. ఇది రెండో రకం. పేరు ఉన్నచోటే ఉండి, ఇల్లు మాత్రం లేచిపోయింది. మన కాలేజీదీ ఈ రకమే. చిక్కులన్నీ ఇందులోనే పుడతాయి, ఎందుకంటే ఆ పేరు మీద పాత ఇంటికి ఉన్న హక్కు ఎవరూ రద్దు చేయకపోతే అది దానంతటదే పోదు.

దీనికి జిల్లాల విభజన మంచి పోలిక, ఆ సంగతి ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండైంది. ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. గెజిట్ వచ్చింది, పేపర్లలో పడింది, లోకమంతటికీ తెలుసు. ఇప్పుడు ఒక గుమాస్తాను ఊహించుకోండి. ఆయన దగ్గర "మన పరిధిలోని మండలాలు" అని ఒక పాత జాబితా ఉంది, అందులో ధర్మవరం ఇంకా ఉంది. ధర్మవరం అర్జీ ఆయన చేతికి వచ్చింది. గెజిట్ తీసి చూస్తాడా? ఎందుకు చూస్తాడు? తన జాబితాలో లేని ఊరైతే కదా ఎక్కడికి పంపాలో వెతుక్కోవాలి. ఇది మనదే అనుకుని 'అందినది' అని ముద్ర వేసి బీరువాలో పెడతాడు. హిందూపురం నుంచి నేరుగా పుట్టపర్తికి వెళ్లే అర్జీలకు ఏ ఢోకా లేదు. ఆయన బల్ల మీదికి వచ్చినవే ఆగిపోతాయి.

మెయిల్ సర్వర్ చేసేది అక్షరాలా ఇదే. ఒక మెయిల్ చేతికి రాగానే అది అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎక్కడికి పోవాలి" అని కాదు, "ఇది నాదా" అని. తన డొమైన్ల (అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేర్ల) జాబితాలో ఆ పేరుంటే బయటి ప్రపంచంతో పని లేదు, తన డిస్క్‌లోనే రాసుకుంటుంది. లేకపోతేనే, అందరికీ గెజిట్ లాంటి డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. ఆ డొమైన్‌కు మెయిల్ ఎవరు తీసుకుంటారో చెప్పే ఎంఎక్స్ రికార్డు తెచ్చుకుని, అందులో ఉన్న యంత్రానికి అందిస్తుంది. కాలేజీ వాళ్లు సర్వర్ మార్చిన రోజు ఎంఎక్స్ రికార్డును సరిగ్గానే మార్చారు. అందుకే హైదరాబాద్, డల్లాస్ మెయిళ్లు దాన్ని చదువుకుని నేరుగా కొత్త ఇంటికి వెళ్తున్నాయి. ఎగ్జామ్ సెల్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా పాత పెట్టెలోనే ఉంది. అది పంపే ప్రతి సర్క్యులరూ పాత పెట్టెలోని మెయిల్ ప్రోగ్రామ్ చేతుల మీదుగానే పోవాలి. ఆ ప్రోగ్రామ్ జాబితాలో కాలేజీ డొమైన్ ఇంకా ఉంది.

ఈ 'ముందు నాదేనా' అనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, ఇది ఎవరి తప్పిదమూ కాదని తెలుస్తుంది. కంప్యూటర్ మెయిల్ పుట్టింది ఒకే యంత్రంలో. 1965లో ఎంఐటీలో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ రాసిన మెయిల్ కమాండు, ఒకే పెద్ద కంప్యూటర్‌ను వంతులవారీగా వాడుకునే వాళ్లు ఒకరికొకరు చీటీలు వదలడానికి ఉద్దేశించింది. అవతలి మనిషి ఫైలు చివర నాలుగు వాక్యాలు అతికించడమే బట్వాడా అంటే. 1971లో బీబీఎన్ కంపెనీలో రే టామ్లిన్సన్ ఆ పద్ధతిని నెట్‌వర్క్ మీదికి తెచ్చాడు. ఎస్ఎన్‌డీ ఎంఎస్‌జీ అనే స్థానిక మెయిల్ ప్రోగ్రామ్‌కు, ఫైళ్లను యంత్రం నుంచి యంత్రానికి పంపే మరో ప్రోగ్రామ్‌ను జోడించాడు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ నడుమ @ గుర్తు పెట్టాడు. ఆ గుర్తు ఉంటే మెయిల్ బయటికి పోవాలి, లేకపోతే ఇక్కడే. అంటే లోపలా బయటా అన్న ప్రశ్న మెయిల్ అడ్రస్ పుట్టుకలోనే ఉంది. టామ్లిన్సన్ తొలి పరీక్షలకు వాడిన రెండు యంత్రాలూ ఒకే గదిలో పక్కపక్కనే ఉండేవి. వాటిని కలిపింది మాత్రం ఆర్పానెట్ అనే నెట్‌వర్క్.

ఆ రోజుల్లో @ తర్వాత వచ్చేది నిజంగా ఒక యంత్రం పేరే. జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో మెయిల్ బట్వాడాకు ఎస్ఎంటీపీ నియమాలు రాసేనాటికీ చాలావరకు అదే పరిస్థితి. 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ రాసిన పత్రంతో ఎంఎక్స్ రికార్డుల వాడకం ఖరారైంది. పేరు ఒకచోట, పెట్టె ఇంకోచోట ఉండొచ్చన్న స్వేచ్ఛ అప్పుడే వచ్చింది. మన దేశంలో విద్యాసంస్థలను కలిపిన ఎర్నెట్ మొదలైందీ 1986లోనే. ఇవాళ్టికీ ఏసీ డాట్ ఇన్ పేర్లు కావాలంటే వెళ్లాల్సింది ఎర్నెట్ దగ్గరికే. ఎంఎక్స్ రికార్డు ఒక అంతస్తు పైన కట్టిన కొత్త సౌకర్యం. కింద పునాదిలో ఉన్నది మాత్రం 1965 నాటి ఆ ఫైలు చివర అతికించే అలవాటే. యంత్రం ముందు పునాదిని అడుగుతుంది.

ఇప్పుడు కంప్యూటర్ సెంటర్‌లోకి వెళ్దాం. పాత పెట్టెలో లినక్స్ ఉంది, మెయిల్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్. వీట్సే వెనెమా అనే డచ్ శాస్త్రవేత్త ఐబీఎమ్ పరిశోధనాలయంలో రాసి 1998 డిసెంబరులో విడుదల చేసినది. ఎక్కువ తెలివితేటలకు పోకుండా చెప్పింది చేసే మంచి ప్రోగ్రామ్. అది చేసే ప్రతి పనికీ లాగ్ ఫైలులో ఒక వరుస రాసిపెడుతుంది. ఎగ్జామ్ సెల్ నిన్న మధ్యాహ్నం ఈసీఈ హెచ్ఓడీకి పంపిన సర్క్యులర్ వరుసను వెతికి పట్టుకుంటే చివర్లో ఇలా ఉంటుంది: "రిలే=లోకల్, డిలే=0.04, స్టేటస్=సెంట్ (డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్)".

చాలామంది 'సెంట్' అన్న మాట కంటబడగానే లాగ్ మూసేస్తారు. "మా వైపు నుంచి పోయింది సార్, అక్కడే చూడండి" అని కొత్త సర్వర్ వాళ్ల మీదికి తోసేస్తారు. వాళ్లు తమ లాగ్ వెతికి, అసలు మాకు రాలేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. జవాబు ఆ వరుసలోనే ముందున్న రెండు ముక్కల్లో ఉంది. రిలే అన్నచోట గూగుల్ యంత్రం పేరుండాలి, 'లోకల్' అని ఉంది. పట్టిన సమయం సెకనులో నూరోవంతులు నాలుగు. అనంతపురం నుంచి బయటి సర్వర్‌తో మర్యాదగా పలకరించుకుని, ఎన్‌క్రిప్షన్ మాట్లాడుకుని, మెయిల్ అప్పగించి రావడానికి అంత తక్కువ సమయం సరిపోదు. మెయిల్ గది దాటలేదు. ఆ డిస్క్‌లోనే హెచ్ఓడీ గారి పాత ఫైలు చివర అతుక్కుని కూర్చుంది. ఆయన ఆ ఫైలు ఇక తెరవరు, ఎందుకంటే ఆయన ఫోనులో ఇప్పుడున్నది కొత్త ఇన్‌బాక్స్. లోపం చూపించే వరుసల కోసం లాగ్‌లో 'ఎర్రర్' అని వెతికితే ఈ వరుస ఎన్నటికీ దొరకదు. నా దృష్టిలో మెయిల్ రోగాలన్నింటిలోకీ ఇది దొంగది. విఫలమైన ప్రతిదీ అరుస్తుంది, ఇది మాత్రం విజయం సాధించినట్టు సంతకం పెట్టి వెళ్తుంది.

ఇంకో చిత్రం ఉంది. కొత్తగా చేరిన నలుగురు లెక్చరర్లకు పంపితే మాత్రం ఎగ్జామ్ సెల్ తెర మీద ఎర్రగా వస్తుంది: 550 5.1.1, యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్. వాళ్లు చేరేనాటికే మెయిల్ క్లౌడ్‌కు పోయింది. పాత పెట్టెలో వాళ్లకు ఖాతాలు లేవు. పాత పెట్టె తన జాబితా చూసి, ఈ డొమైన్ నాదే, ఈ మనిషి మాత్రం నా దగ్గర లేడు అని తిప్పికొడుతోంది. దాంతో ఆఫీసులో ఒక తప్పుడు నిర్ధారణ పుడుతుంది: 'కొత్తవాళ్ల ఖాతాలు సరిగ్గా తెరవలేదు.' ఆ ఖాతాలు తుడిచేసి మళ్లీ తెరుస్తారు. మర్నాడూ అదే ఎర్ర గీత. అందులో 'లోకల్' అన్న ఒక్క మాటను చదివి ఉంటే సగం రోజు మిగిలేది. అలాగే సీనియర్ల పెట్టెలు నిశ్శబ్దంగా నిండుతుంటే, గట్టి ఫిర్యాదులు జూనియర్ల విషయంలోనే వస్తుంటాయి. నిజానికి జూనియర్లకు జరుగుతున్న నష్టమే తక్కువ, వాళ్ల మెయిల్ పోలేదని పంపినవాడికి తెలుస్తోంది కదా.

వెబ్‌సైటు పంపే మెయిళ్లు ఇంకా ఘోరం. అడ్మిషన్ ఎంక్వైరీ ఫారం నింపితే ఆఫీసుకు ఒక మెయిల్ పోవాలి. దాన్ని పంపేది మనిషి కాదు, వెబ్ సర్వర్ ఖాతా. ఆఫీసు సూపరింటెండెంట్ కొత్తగా వచ్చినవారైతే ఆ మెయిల్ తిరిగివస్తుంది, వచ్చి పడేది ఆ వెబ్ సర్వర్ ఖాతా పేరిట ఉన్న పెట్టెలో. ఆ పెట్టె ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు. చేరలేదని చెప్పే ఉత్తరం కూడా చేరదన్నమాట.

సిస్టమ్ అడ్మిన్ ఇక్కడ సాధారణంగా డీఎన్‌ఎస్‌ను అనుమానిస్తాడు. పాత సర్వర్‌లోనే కూర్చుని డిగ్ కమాండుతో ఎంఎక్స్ అడుగుతాడు. జవాబు సరిగ్గా వస్తుంది, కొత్త సర్వర్ పేరే. "రికార్డు కరెక్టే ఉందప్పా, మరి ఎందుకు పోవట్లేదు?" అని తల గోక్కుంటాడు. డిగ్ అడిగిన ప్రశ్నను పోస్ట్‌ఫిక్స్ అసలు అడగనే లేదని తట్టినప్పుడే ముడి వీడుతుంది. అడగాల్సింది వేరే. 'పోస్ట్‌కాన్ఫ్ మైడెస్టినేషన్' అని కొడితే, తాను ఎవరెవరి మెయిల్‌ను తనదిగా భావిస్తోందో పోస్ట్‌ఫిక్స్ ఒక్క వరుసలో చెబుతుంది. మామూలుగా అక్కడ ఆ యంత్రం సొంత పేరూ, లోకల్‌హోస్ట్ మాత్రమే ఉంటాయి. మొత్తం కాలేజీ మెయిల్‌ను ఇదే చూసుకునే రోజుల్లో ఎవరో డొమైన్ పేరును కూడా చేర్చి ఉంటారు. ఆ రోజు అది చేయకపోతే మెయిల్ నడిచేదే కాదు. ఇప్పుడు దాన్ని తీసేయాలి. తీసేసి పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేస్తే మరుక్షణం పంపిన మెయిల్ వరుసలో రిలే దగ్గర బయటి సర్వర్ పేరు కనిపిస్తుంది. వర్చువల్ డొమైన్ల జాబితా విడిగా ఉంటుంది, కొందరు పేరును అక్కడ రాసి ఉంటారు. అందులోనూ చూడాలి.

చిన్న కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు చాలావరకు సొంత పెట్టె బదులు షేర్డ్ హోస్టింగ్ తీసుకుంటాయి, అక్కడ చేతికి దొరికేది సీప్యానెల్. దాంట్లో ఇదే విషయం 'ఈమెయిల్ రూటింగ్' అనే చోట ఉంటుంది. లోకల్ మెయిల్ ఎక్స్‌ఛేంజరా, రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజరా అని బటన్లు. మెయిల్‌ను వేరే చోటికి మార్చినప్పుడు రిమోట్ నొక్కాలి. లోపల జరిగేది లోకల్ డొమైన్స్ అనే ఫైలులోంచి పేరు తీసి రిమోట్ డొమైన్స్ అనే ఫైలులో రాయడమే. గుమాస్తా జాబితా సవరించడమే, ఇంకేమీ లేదు.

అన్నిసార్లూ ఇంత తేలిగ్గా తెమలదు. పెద్ద క్యాంపస్‌లలో లోపలి వాళ్ల కోసం సొంత డీఎన్‌ఎస్ సర్వర్ ఒకటి నడుస్తుంటుంది. లైబ్రరీ, ల్యాబ్, అటెండెన్స్ సైట్లు లోపలి ఐపీ అడ్రసులతో తెరుచుకోవడానికి అది పనికొస్తుంది. కాలేజీ డొమైన్ విషయంలో అది ఎవరినీ అడగదు, తన దగ్గర ఉన్న పట్టికే వేదం. బయటి డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ మార్చినవాళ్లు లోపలి పట్టికను మరిచిపోతే, క్యాంపస్ గోడల లోపలున్న ప్రతి యంత్రానికీ ఇంకా పాత చిరునామాయే అందుతుంది. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ తన జాబితా సరిచేసుకుని, బుద్ధిగా డీఎన్‌ఎస్‌ను అడిగినా, వచ్చే జవాబు "నువ్వే కదా" అని. దానికి పోస్ట్‌ఫిక్స్ మెయిల్ తన దగ్గరికే తిరిగొస్తోందని లాగ్‌లో మొత్తుకుంటుంది. ఈ తేడా పట్టడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. క్యాంపస్ వైఫైలో ఉండి ఒకసారి, వైఫై తీసేసి ఫోను సిమ్ డేటా మీద ఒకసారి ఎంఎక్స్ అడగండి. రెండు జవాబులు వేరైతే దొంగ దొరికినట్టే. 'నాదే' అన్న నమ్మకం పాత ఇంట్లో ఎన్ని అంతస్తుల్లో ఉంటుందో చెప్పలేం. కింద మెయిల్ ప్రోగ్రామ్‌లో ఒకటి, పైన డీఎన్‌ఎస్‌లో ఒకటి. ఒక్కోసారి హోస్ట్స్ ఫైలులో ఎప్పుడో ఎవరో చేత్తో రాసిన ఒక వరుస కూడా ఉంటుంది.

డీఎన్‌ఎస్ జవాబుకు గడువు కూడా ఉంటుంది. 86,400 సెకన్లని రాసి ఉంటే, ఒకసారి అడిగినవాడు ఒక రోజంతా మళ్లీ అడగడు. మార్పుకు రెండ్రోజుల ముందే దాన్ని 300కు తగ్గించుకున్నవాళ్లు ఆ రోజు ప్రశాంతంగా భోంచేస్తారు. అంతకుమించి ఇందులో చెప్పడానికేమీ లేదు.

బయటివాళ్ల మెయిల్ ఈ గందరగోళంలో పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. ఫోను డయల్ చేసి రాత్రిపూట మాత్రమే కలిసే లైన్ల కాలంలో పెరిగింది మెయిల్. అవతలి సర్వర్ పలకకపోతే పంపేవాడు మెయిల్‌ను క్యూలో దాచుకుని, మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి, నాలుగైదు రోజుల దాకా ఆశ వదులుకోకూడదని నియమం. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు ఆగుతుంది. కరెంటు, ఫైబర్ రెండూ మనల్ని అడగకుండా పోయే ఊళ్లకు ఇంతకంటే నప్పే ఏర్పాటు లేదు. అయితే చేరడం వేరు, పనికిరావడం వేరు. అనంతపురం దగ్గరున్న రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల తయారయ్యే వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. వేరుశనగ విత్తే అదునులో మంగళవారం సలహా ఎక్కడో క్యూలో ఇరుక్కుని శనివారం దిగిందనుకోండి, దాని తర్వాతి సలహా అప్పటికే వచ్చేసి ఉంటుంది, పడిన పదును ఆరిపోయీ ఉండొచ్చు. మెయిల్ నియమాల ప్రకారం అది విజయవంతమైన బట్వాడాయే.

జాబితా సవరించాక రెండో సమస్య తలెత్తుతుంది, దీనికి సిద్ధంగా ఉండాలి. పాత పెట్టె ఇప్పుడు కాలేజీ పేరుతో కొత్త సర్వర్ తలుపు తడుతుంది. కొత్త సర్వర్ ఆ డొమైన్ ఎస్పీఎఫ్ రికార్డు తీసి చూస్తుంది. ఈ పేరుతో మెయిల్ పంపడానికి ఎవరెవరికి అనుమతి ఉందో అందులో ఉంటుంది. సర్వర్ మార్చినవాళ్లు అందులో కొత్త సర్వీసు పేరొక్కటే రాసి, పాత పెట్టె ఐపీ అడ్రసు కొట్టేసి ఉంటారు. దాంతో సొంత ఎగ్జామ్ సెల్ పంపిన హాల్ టికెట్ల సర్క్యులర్, ఎవడో దొంగ కాలేజీ పేరు పెట్టుకుని పంపినట్టుగా స్పామ్‌లోకి వెళ్తుంది, లేదా గుమ్మంలోనే తిరస్కారం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద మొత్తంలో మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్పీఎఫ్, డీకిమ్ సంతకం, డీమార్క్ మూడూ ఉండాలని గట్టిగా పట్టుబట్టాక ఈ తనిఖీ పట్టు ఇంకా బిగిసింది. నిన్నటిదాకా ఎగ్జామ్ సెల్ మెయిల్ ఎందుకు స్పామ్ కాలేదంటే, అది గది దాటి ఏ తనిఖీనీ ఎదుర్కోలేదు కాబట్టి. దీనికి మందు ఎస్పీఎఫ్‌లో పాత ఐపీ చేర్చడం. అంతకంటే మేలైనది, పాత పెట్టె నేరుగా పంపకుండా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కొత్త సర్వర్ ద్వారానే పంపేలా అమర్చడం. అప్పుడు సంతకమూ అక్కడే పడుతుంది.

కొందరు భద్రత కోసమని రెండు సర్వర్లకూ ఒక సూచన ఇచ్చి పెడతారు: నీకు తెలియని పేరు వస్తే అవతలి సర్వర్‌కు పంపు. రాజీనామా చేసి వెళ్లిపోయిన ఒక లెక్చరర్‌కు మెయిల్ వచ్చిందంటే చాలు, ఇద్దరూ దాన్ని బంతిలా ఆడుకుంటారు. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ మీద పడిన మజిలీ ముద్రలను లెక్కపెట్టి, యాభై దాటగానే ఆట ఆపేస్తుంది. మెయిల్ తలభాగం తెరిచి చూస్తే అవే రెండు పేర్లు ఒకదాని మీద ఒకటి పేజీ నిండా కనిపిస్తాయి.

ఇక ఇన్నాళ్లూ పాత ఫైళ్లలో పేరుకుపోయిన సర్క్యులర్ల సంగతి. అవి పోలేదు, ఒక్కో లెక్చరర్ పేరుతో ఒక్కో ఫైలులో వరుసగా ఉన్నాయి. కంగారుపడి డిస్క్ శుభ్రం చేయకూడదు. వాటిని ఐమ్యాప్ పద్ధతిలో కొత్త ఇన్‌బాక్స్‌లోకి నకలు చేస్తే పాత తేదీలతోనే వెళ్లి, వెనకటి మెయిళ్ల మధ్య ఎక్కడో కూర్చుంటాయి. ఇది చదివినట్టు కాదు, దాచినట్టు. అందుకే నకలు చేసిన రోజే ప్రతి ఒక్కరికీ, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఎగ్జామ్ సెల్ పంపినవి ఇప్పుడు చేరాయి, వెనక్కి వెళ్లి చూడండి అని విడిగా చెప్పాలి. చెప్పడానికి వాట్సాపే మేలు.

అడ్మిన్‌కు మిగిలే చివరి పని, పాత పెట్టెను ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడం. క్యాంపస్‌లో మెయిల్ పంపేవాళ్లు మనుషులే అనుకుంటే పొరపాటు. యూపీఎస్‌లోని కార్డు బ్యాటరీ తగ్గిందని పంపుతుంది. జిరాక్స్ మెషీన్ స్కాన్ చేసిన కాగితాలు పంపుతుంది. బయోమెట్రిక్ యంత్రం హాజరు జాబితా పంపుతుంది. వీటిలో సర్వర్ పేరు కాదు, ఐపీ అంకెలు రాసి ఉంటాయి. డీఎన్‌ఎస్‌లో ఎన్ని మార్చినా వాటి చెవికెక్కదు. పాత పెట్టె లాగ్‌లో ఎవరెవరు వచ్చి తలుపు తడుతున్నారో రోజూ చూసి, ఒక్కొక్కదాని దగ్గరికి నడిచివెళ్లి సెట్టింగు మార్చుకుంటూ రావాలి. ఓ రెండు వారాలకు లాగ్ ఖాళీ అవుతుంది. అప్పుడే ఆపేయబుద్ధేస్తుంది. కానీ మార్కుల అప్‌లోడ్ సాఫ్ట్‌వేర్ సెమిస్టర్‌కు ఒక్కసారే మెయిల్ పంపుతుంది, ఫలితాల రోజున. కాబట్టి ఏసీ బిల్లు ఎంతైనా ఆ పెట్టెను ఒక సెమిస్టర్ పూర్తయ్యేదాకా ఆన్‌లో ఉంచి, ఫలితాలు వెలువడిన సాయంత్రం లాగ్ ఇంకొకసారి చూసుకుని, రిలే దగ్గర 'లోకల్' అన్న మాట కాలేజీ డొమైన్ పక్కన ఎక్కడా లేదని ఖాయం చేసుకున్నాకే స్విచ్ ఆపాలి.